రేపటి పులుసు

మద్రాసు లోకల్ కూత వేసుకుంటూ స్టేషన్ దాటి వెళ్లిపోయాక, సూళ్లూరుపేట రైల్వే గేటు వెనక సందులో కాస్త ఊపిరి పీల్చుకునే వేళ ఒకటి ఉంటుంది. టీ కొట్టతను గ్లాసులన్నీ బకెట్లో ముంచి బోర్లిస్తాడు. అరిటాకుల మనిషి కట్టలు విప్పి తడిగోతం కప్పుతాడు. మాల్యాద్రి మెస్‌లో ఇడ్లీ పాత్రలు కడగడానికి వెళ్తాయి, మధ్యాహ్నానికి బియ్యం కడిగి పెడతారు. అప్పుడు మాల్యాద్రి తల్లి కామాక్షమ్మ చేతులు తుడుచుకుని, వెనక పెరట్లోకి పోయి, రుబ్బురోలు పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. రేపటి వాసన వచ్చే వేళ అదే.

రేపు మధ్యాహ్నం ఆ వంటింట్లో ఏ వాసన ఉండబోతుందో, అది ఇవాళ పొద్దునే రుబ్బురోలు దగ్గరికి వస్తుంది. ఎప్పటినుంచి వస్తోందో ఎవరికీ తెలీదు. కామాక్షమ్మ కాపురానికి వచ్చిన రోజున అత్తగారు పెరడంతా తిప్పి చూపించి, "ఇది బావి, జారుద్ది, చూసుకో. ఇది కరివేపాకు చెట్టు. ఇక్కడ రోలు కాడ రేపటి వాసన వస్తది. ఆ మూల తేలు ఉండాది, చెప్పుల్లేకుండా పోబాక," అని చెప్పింది. కామాక్షమ్మ తేలు గురించి మాత్రం మళ్లీ అడిగి తెలుసుకుంది.

వీధి మొత్తానికీ ఆ వాసనతో పని. గోడ అవతల నుంచి ఎవరో ఒకరు, "రేపేంది కామాక్షమ్మా?" అంటారు. "గోంగూర, ఎండు రొయ్యలు," అంటుందామె. "అయితే మా ఆయనకి రేపు క్యారియర్ కట్టే పన్లేదు," అని అవతలామె సంతోషపడుతుంది. మాల్యాద్రి దాన్ని బట్టే సరుకు తెస్తాడు. ఆ ఇంట్లో వాసనకి ఎదురు చెప్పడమన్నది లేదు. ఒకసారి మాడిన పప్పు వాసన వచ్చింది. మరుసటి రోజు కోడలు పెంచలమ్మ, పాపం, గరిటె పట్టుకుని పక్కనే నిలబడి, పప్పు అడుగంటేదాకా పొయ్యి మీదే ఉంచి దించింది. తిన్నవాళ్లు మొహాలు చిట్లించారు. అయినా ఎవరూ ఏమీ అనలేదు, వాసన ముందే వచ్చింది కదా మరి.

ఆ రోజు మాల్యాద్రి కూతురు వినీల చిన్నపిల్ల, ఇంకా జడ కూడా సరిగ్గా రాని వయసు. మాడిన ముద్ద నోట్లో పెట్టుకుని, "అవ్వా, వాసన వచ్చిందని మాడబెట్టినామా, మనం మాడబెడతామని వాసన వచ్చిందా?" అని అడిగింది.

"ముందు ముద్ద మింగుమే," అంది కామాక్షమ్మ. కానీ ఆ ప్రశ్న ఆమెకి మింగుడు పడలేదు. అప్పుడప్పుడూ రోలు దగ్గర కూర్చున్నప్పుడు గుర్తొచ్చేది.

ఆ మెస్‌కి పేరు తెచ్చింది చేపల పులుసు. దాన్ని ఏ రోజుది ఆ రోజు వడ్డించరు. ఇవాళ పొద్దుగూకే ముందు మట్టి దాకలో కాచి, మూత పెట్టి వదిలేస్తారు. చేప, మామిడికాయ ముక్క, మెంతిపిండి తెల్లారేదాకా ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వస్తాయి. మర్నాడు దాన్ని వెచ్చబెట్టి పెడతారు. అంటే రేపు ఎంతమంది వస్తారో, ఏ చేప అడుగుతారో ఇవాళే తేల్చుకోవాలి. చెంగాళమ్మ గుడికి వచ్చేవాళ్లు, షార్ రాకెట్ కేంద్రంలో కాంట్రాక్టు పనులకి పోయేవాళ్లు, పులికాట్ కొంగల్ని చూసేదానికి కెమెరాలు మెళ్లో వేసుకుని వచ్చేవాళ్లు... ఏ రోజు ఎవరొస్తారో ఎవరికి తెలుసు? రోలుకి తెలుసు. అందుకని మాల్యాద్రి ఎప్పుడూ దిగులు పడి ఎరగడు.

దిగులు ఈ ఏడు వచ్చింది, వినీల ఇంటర్ పాసైనాక.

వినీలకి ఫైనాన్సులోకి పోవాలని ఉంది. ఆ మాట ఇంట్లో అందరికీ నచ్చింది. డిగ్రీకి ఒకే ఒక మేజర్ ఎంచుకోవాలంట, దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలంట. గొడవంతా అక్కడే.

"బిడ్డ మొన్ననే మేజర్ అయింది గదా, మళ్లీ తీసుకునేదేంది?" అని కామాక్షమ్మ అడిగితే, వినీల నవ్వి, ఏ సబ్జెక్టు మీద ఎక్కువ కూర్చుని చదువుతామో అది మేజరని చెప్పింది.

"బీకాం," అన్నాడు మాల్యాద్రి. "బ్యాంకైనా, ఫైనాన్సైనా లెక్కలే గదా. లెక్కలంటే బీకాం. మన ఊళ్లోనే కాలేజీ. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇంటికాడ ఉంటావు."

"బీబీఏ చెయ్యి," అన్నాడు నరేంద్రబాబు. అతను కామాక్షమ్మ కూతురి కొడుకు, తడ దగ్గర ఒక కంపెనీలో అకౌంట్సు చూస్తాడు, సెలవు దొరికితే పులుసు కోసం ఇక్కడ వాలతాడు. "ఇంటర్వ్యూలో ఎట్టా మాట్లాడాల్నో నేర్పిస్తారు."

"దీనికి మాట్లాడేది ఇంకొకరు నేర్పించాల్నా నాయనా!" అంది పెంచలమ్మ.

"ఎకనామిక్స్," అంది వినీల. "నెల్లూరులో."

"ఎకనామిక్స్ చదివి పంతులమ్మవి అవుతావు," అన్నాడు నరేంద్రబాబు.

"నువ్వు బీకాం చదివి మా ఇంట్లో పులుసు తింటా ఉండావు. ఏం, తప్పా బావా?"

నరేంద్రబాబు విస్తట్లో ఇంకో ముక్క వేయించుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం మామిడికాయలు తరుగుతూ కామాక్షమ్మ మనవరాలిని నిదానంగా అడిగింది. "అమ్మా, నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. ఈ మూడింటికీ తేడా ఏంది?"

వినీల ఒక్కొక్కటిగా చెప్పింది. "బీకాం అంటే, జరిగిపోయిందాన్ని తప్పు పోకుండా రాసి పెట్టేది అవ్వా. అది లేకుంటే ఎవరూ ఎవరినీ నమ్మరు. బీబీఏ అంటే, ఇప్పుడు జరిగేదాన్ని సక్రమంగా నడిపించేది. మా అమ్మ ఈ మెస్ నడపట్లా, అట్టా. ఎకనామిక్స్ అంటే, రేపు ఇట్టా జరుగుద్దని జనం అనుకుంటారు చూడు, అట్టా ఎందుకు అనుకుంటారు, అనుకోబట్టి ఏమవుద్ది, అది. ఫైనాన్సులో మూడు రకాల వాళ్లూ కావాల. నాకు మూడోది ఇష్టం."

"అంటే రోలు కాడ కూర్చునేది."

"ఆ. దానికి జీతం ఇస్తారంట."

కామాక్షమ్మ కత్తిపీట ఆపి మరీ నవ్వింది. ఇన్నేళ్లు జీతం లేకుండా కూర్చున్నానే అనుకుంది. ఆ రోజు నుంచి ఆమె మనసు ఎకనామిక్స్ వైపే ఉంది, బయటికి చెప్పలేదు. కొడుకు మాటకి అడ్డం పోవడం ఆమెకి అలవాటు లేదు.

ఆప్షన్లు పెట్టేదానికి చివరి రోజు దగ్గర పడింది. దానికి మర్నాడే రాకెట్టు వదిలేది కూడా. రాకెట్టు రోజంటే మాల్యాద్రికి పండగ కంటే ఎక్కువ, మద్రాసు నుంచి దిగిన జనం దాకలు నాకి పోతారు. అయినా చివరి రోజుకి ముందు సాయంత్రం అతని మొహం తేటగా లేదు. కూతురితో మాటా మాటా అనుకున్నాడు. "హాస్టల్లో పెట్టేదానికి నా మనసొప్పదు. ఈ ఇంటికాడ ఏమన్నా అయితే నువ్వు యాడ ఉంటావు, మేం యాడ ఉంటాం!" అని గట్టిగా అరిచి లేచిపోయాడు.

మరుసటి పొద్దున లోకల్ వెళ్లిపోయింది. కామాక్షమ్మ రోలు దగ్గర కూర్చుంది.

తడిరాయి వాసన వచ్చింది. కరివేపాకు వాసన వచ్చింది. గోడ అవతల ఎవరో ఉతికిన సబ్బు వాసన వచ్చింది. తన చీర వాసన తనకి వచ్చింది. అంతే.

కళ్లు మూసుకుని ఇంకాసేపు కూర్చుంది. రోలు మీద చెయ్యి వేసి చూసింది, నిద్రపోయిన పిల్లని తడిమినట్టు. ఏమీ లేదు.

"ఏందత్తా రేపు?" అంటూ పెంచలమ్మ పెరటి గడప మీదికి వచ్చింది. అత్త మొహం చూసి అక్కడే ఆగిపోయింది.

వాసన రాకపోవడం ఇద్దరికీ తెలిసి ఇంతకుముందు ఒక్కసారే జరిగింది. ఆ మర్నాడు పొద్దున కామాక్షమ్మ భర్త వెంకయ్య, టీ తాగుతా తాగుతా ఉన్నవాడు, గ్లాసు కింద పెట్టి వెనక్కి వాలిపోయాడు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఇద్దరూ ఆ సంగతే తలుచుకున్నారు.

పులికాట్ వైపు నుంచి చేపల చెంచమ్మ వచ్చి గంప దించింది. వస్తూనే అలవాటుగా గాలి పీల్చింది. "ఏందక్కా, ఇంకా రాలా? ఇయ్యాళ లేటా?"

మాల్యాద్రి లోపల్నుంచి వచ్చాడు. "చేప వద్దు చెంచమ్మా."

"అదేంది అన్నా! రేపు రాకెట్టు గదా! మడవలు తెచ్చినా, చూడు, ఇంకా మిడిసి పడతా ఉండాయి!"

"వాసన రాలేదు."

చెంచమ్మ గంప మీద గుడ్డ మెల్లిగా కప్పేసింది. ఇంకేమీ అడగలేదు. అడగనైతే లేదు కానీ, గంప ఎత్తుకుని సందు చివర టీ కొట్టు దాకా పోయేసరికి ఊరుకోలేకపోయింది. టీ కొట్టతను రేపటికి అదనంగా చెప్పిన పాలు వద్దన్నాడు. అరిటాకుల మనిషి సగం కట్టలు వెనక్కి పంపాడు. సోడా బండి వాడు రేపు అత్తగారింటికి పోయొస్తానన్నాడు. ఆటో వాళ్లు బస్టాండులో దిగినవాళ్లందరికీ చెప్పారు, మాల్యాద్రి ఇంట వాసన రాలేదంట, రాకెట్టు ఆగిపోయిందంట అని. మధ్యాహ్నానికి సందంతా ఎవరో తాళం వేసినట్టు అయిపోయింది.

వినీల ఫోన్ చూసుకుంటూ వచ్చింది. "నాయనా, రాకెట్టు ఆగలా. అనుకున్న టైముకే అంట."

"ఆగిందంటా ఉండారే అందరూ."

"రాకెట్టు వదిలేవాళ్లు మన పులుసు వాసన చూసి వదలరు నాయనా!"

మాల్యాద్రి వినిపించుకునే స్థితిలో లేడు. అతను తల్లి వైపు చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ చూపు కామాక్షమ్మకి అర్థమైంది. పొద్దున్నుంచి ఆమె కూడా అదే అనుకుంటోంది. ఇంట్లో పండినాకు తనే గదా. రేపు పొయ్యి వెలగదంటే ఆ కారణం తనే అయి ఉండాలి.

ఆమెకి భయం వెయ్యలేదు. కొంచెం వింతగా అనిపించింది. రేపటి సంగతి ఇవాళే తెలియడం ఆమెకి కొత్త కాదు, తన సంగతి తెలియడమే కొత్త. స్నానం చేసి, దూలానికి కట్టిన మూటలోంచి వెంకటగిరి చీర తీసి కట్టుకుంది. తల దువ్వుకుంది. పెంచలమ్మని పిలిచి, "మాగాయ జాడీ అటక మీద వెనక వరసలో ఉండాది. పోయిన ఏటిది ముందర పెట్టినా, అది అయిపోయినాకే ఇది తెరువు," అని చెప్పింది.

"ఏందత్తా, చీర కట్టినావు, జాడీల సంగతి చెప్తుండావు!" అని పెంచలమ్మ ఏడుపు గొంతుతో అంది.

"ఏడుపెందుకు? జాడీ గురించి గదా చెప్పినా."

కామాక్షమ్మకి ఒక్కటే బెంగ. బిడ్డ చదువు సంగతి తేలకుండా పోవడం.

ఎండ రోలు మీంచి గోడ మీదికి ఎక్కేసరికి నరేంద్రబాబు వచ్చాడు. ఆప్షన్లు పెట్టేదానికి లాప్‌టాప్ తెచ్చాడు. సందు చూసి, మెస్ చూసి, అమ్మమ్మ కట్టుకున్న చీర చూసి జోకులేవీ వెయ్యలేదు. పెరట్లోనే నీడన చాప పరుచుకుని కూర్చున్నాడు.

"బీకాం పెట్టరా," అన్నాడు మాల్యాద్రి. "ఈ ఊరి కాలేజీ. ఒక్కటే పెట్టు, రెండోది వద్దు."

"మామా, దాన్ని ఒకమాట అడుగు..."

"రేపు ఈ ఇంట్లో ఏదో కాబోతుంది. అది మన చేతిలో లేదు. ఇట్టాంటప్పుడు ఉన్న ఒక్క బిడ్డని దూరం పంపమంటావా?"

కామాక్షమ్మ మనవరాలి వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకుంది. వినీల ఏడవలేదు. వచ్చి తండ్రి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నాయనా, ఒక సంగతి అడుగుతా, చెప్పినాక నువ్వు ఏది పెట్టమంటే అది పెడతా. రేపు మధ్యాహ్నం మన వంటింట్లో ఏం వాసన ఉంటది?"

"ఏమీ ఉండదు."

"ఎందుకుండదు?"

"చేప తీసుకోలేదు గదా, ఎట్టా ఉంటది?"

"ఎందుకు తీసుకోలేదు?"

"వాసన రాలేదని..."

మాల్యాద్రి సగంలో ఆగాడు. తన మాటని తనే మళ్లీ వింటున్నవాడిలా తల ఒక పక్కకి వంచాడు.

"మా క్యాథరిన్ మేడం క్లాసులో చెప్పింది," అంది వినీల. "బ్యాంకు బాగానే ఉంటదంట. ఎవడో ఒకడు ఈ బ్యాంకు మునిగిపోద్దంట అంటాడంట. అందరూ పరిగెత్తి వాళ్ల వాళ్ల డబ్బు తీసేసుకుంటారంట. అప్పుడు నిజంగానే మునిగిపోద్దంట. మునిగినాక, చూసినావా, నేను ముందే చెప్పినా అంటాడంట వాడు. మన సందులో పొద్దున్నించీ అదే జరగతా ఉండాది. పాలాయన పాలు తేడు, ఆకులాయన ఆకులు తేడు. రేపు జనం వచ్చి తినేదానికి లేక తిరిగిపోతారు. అప్పుడు అందరం, వాసన ముందే చెప్పింది గదా అంటాం."

నరేంద్రబాబు లాప్‌టాప్ మూత సగం దించి, నోరు తెరుచుకుని వింటున్నాడు.

"మరి మీ తాతప్పుడో?" అన్నాడు మాల్యాద్రి. ఆ గొంతు తండ్రి గొంతులా లేదు, చాలా చిన్నవాడి గొంతులా ఉంది. "అప్పుడు గూడా నేను చేప తీసుకోనందుకేనా?"

వినీల మెల్లిగా అంది. "తాత ఎందుకు పోయినాడో నాకు తెలీదు నాయనా. అది వాసనకి గూడా తెలీదు. తాత పోయినాడని మనం పొయ్యి వెలిగించలా. రోలుకి తెలిసింది ఆ పొయ్యి సంగతి ఒక్కటే."

కామాక్షమ్మ గోడకి ఆనుకుని వింటోంది. ఆ మాట ఆమెలో ఎక్కడో లోపలికి దిగి, అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్న ఒక ప్రశ్నకి తగిలింది. వాసన వచ్చిందని మాడబెట్టినామా, మాడబెడతామని వచ్చిందా? ఇంతకాలం రోలు తనకి రేపటి సంగతి చెబుతోందనుకుంది. రోలుకి చావులు తెలీవు. అదృష్టాలు తెలీవు. దానికి తెలిసిందల్లా ఈ ఇంట్లో వాళ్లు రేపు పొయ్యి మీద ఏం పెడతారన్నది.

"మాల్యాద్రీ," అంది. "రేపు నేను పోయినాననుకో. పొయ్యి వెలిగిస్తావా?"

"అమ్మా! ఏం మాటలమ్మా అవి!"

"అడిగిందానికి చెప్పరా."

"ఎట్టా వెలిగిస్తామమ్మా. మైల గదా."

"వెలిగించండి," అంది కామాక్షమ్మ, ఉప్పు సరిచూసి చెప్పినంత మామూలుగా. "మద్రాసు నుంచి పిలకాయల్ని ఎత్తుకుని, ఎండన బడి వచ్చే వాళ్లకి నా సంగతితో ఏం పని? ముందర వాళ్లకి పెట్టండి. వాళ్లు చేతులు కడుక్కుని పోయినాక తీరిగ్గా ఏడ్చుకోండి. నేనేం అనుకోను."

అని లోపలికి వెళ్లింది. చింతపండు డబ్బా తీసింది. రాకెట్టు రోజుకి ఎంత పడుతుందో ఆమె చేతికి తెలుసు, అంతా తీసి పెద్ద గిన్నెలో వేసింది. చెంబుతో నీళ్లు పోసింది. ఆ ఇంట్లో చింతపండు నానేస్తే పులుసు పెట్టినట్టే లెక్క, నానిన చింతపండుని తిరిగి డబ్బాలో పెట్టినవాళ్లు ఎవరూ లేరు. వాసన రాకుండా చింతపండు నానెయ్యడం కాపురానికి వచ్చాక ఇదే మొదలు. నీళ్లలో పిడికిలి ముంచి ఒకసారి పిసికింది.

పెరట్లోంచి నరేంద్రబాబు అరిచాడు. "అమ్మమ్మా!"

చేతులు తుడుచుకోకుండానే వచ్చింది.

వాసన వచ్చింది. ముందు పుల్లగా, పల్చగా, దూరంగా ఎవరో తలుపు తెరిచినట్టు. తర్వాత మెంతులు. ఆ తర్వాత కాగిన నూనెలో ఎండుమిరపకాయ. చివరికి మడవ చేప, మామిడికాయ, దాక అంచున రాత్రంతా ఊరిన పులుసు, అన్నీ కలిసి రోలు చుట్టూ తిరిగి, చాప మీది నుంచి, లాప్‌టాప్ మీది నుంచి, అందరి మొహాల మీదుగా పోయి, గోడ దూకి సందులో పడింది.

గోడ అవతల నుంచి, "వచ్చిందా కామాక్షమ్మా?" అని కేక వినపడింది.

"వచ్చింది," అంది కామాక్షమ్మ. "మడవల పులుసు."

మాల్యాద్రి చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి పరిగెత్తాడు. చెంచమ్మ ఎక్కడికీ పోలేదు. టీ కొట్టు బల్ల కింద గంప పెట్టుకుని, ఐసు కరగకుండా గోనె కప్పి, కూర్చునే ఉంది. "ఏం చేస్తా అన్నా. ఇంటికి పోదామంటే కాళ్లు సాగలా," అంది. ఆమె వెనకే ఆకులు వచ్చాయి, పాలాయనకి ఫోన్లు పోయాయి. సోడా బండి వాడు అత్తగారింటికి పోవడం మానుకున్నాడు, అతని భార్యకే కొంచెం కోపం వచ్చింది.

మాల్యాద్రి పొలుసులంటిన చేతులతో పెరట్లోకి తిరిగొచ్చి, కూతురి ముందు నిలబడ్డాడు.

"ఏందో నొక్కాలన్నావే," అన్నాడు. "నొక్కు."

"ఏది నాయనా?"

"నువ్వు చెప్పిందే. నెల్లూరుది." కాస్త ఆగి, "బీకాం గూడా కింద ఎక్కడన్నా ఉంచు. దానికేం, పడుంటది," అన్నాడు.

"అవ్వ నొక్కాల," అంది వినీల.

నరేంద్రబాబు లాప్‌టాప్ కామాక్షమ్మ ముందుకి జరిపి, ఎక్కడ వేలు పెట్టాలో చూపించాడు. ఆమె పెట్టింది. ఏమీ కాలేదు. వేలికి చింతపండు ఉంది. వెంకటగిరి చీర అంచుకి తుడుచుకుని, మళ్లీ గట్టిగా, వడల పిండి అద్దినట్టు అద్దింది. ఈసారి అయింది.

రాకెట్టు రోజు సందు సందంతా మనుషులే. కామాక్షమ్మ పొద్దున లేచి, తను లేచినందుకు ముందు కాసేపు ఆశ్చర్యపోయి, తర్వాత పనిలో పడి ఆ సంగతి మర్చిపోయింది. భూమి సన్నగా వణికి, గ్లాసుల్లో నీళ్లు కదిలేసరికి, తింటున్నవాళ్లంతా విస్తళ్లు వదిలి, పులుసు చేతులతో బయటికి పరిగెత్తారు. తెల్లటి చార ఒకటి సముద్రం వైపు నుంచి పైకి, పైపైకి పోయింది. అంతా తల వెనక్కి వాల్చి, ఎంగిలి చేతులు గాల్లో పెట్టుకుని చూశారు. చూసి వచ్చి మళ్లీ అన్నం అడిగారు. దాకలు ఖాళీ అయ్యాక కామాక్షమ్మ కోడలితో అంది, "ఆ మాగాయ జాడీ సంగతి మర్చిపో. ఎప్పుడు తెరవాల్నో నేనే చెప్తా."

సీటు ఎవరికి ఎక్కడ వచ్చిందీ చెప్పే రోజు ఒకటి వచ్చింది. దాని ముందు రోజు, లోకల్ ఇంకా స్టేషన్లో ఉండగానే కామాక్షమ్మ పెరట్లోకి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది, గిన్నెలో శెనగపప్పు, నీళ్లు.

"అవ్వా, అప్పుడే ఏంది? వాసన రాలా గదా," అంది వినీల, పళ్లు తోముకుంటూ.

"బూరెలకి నానేసినా."

"రేపు సీటు రాకపోతేనో?"

"రాకపోతే బూరెలు తింటా తింటా ఏం చెయ్యాల్నో ఆలోచించుకుందాం. ఊరికే ఆలోచించే బదులు."

గిన్నె రోలు పక్కన పెట్టి పీట వేసుకుంది. లోకల్ కూత వేసి కదిలింది. గేటు ఎత్తారు. అప్పుడు బెల్లం పాకం వాసన, ఆలస్యమైపోయిందని పరిగెత్తుకుంటూ వచ్చినట్టు, ఒక్కసారిగా వచ్చి పడింది. దాని వెనకే కాగే నూనె, నెయ్యి.

మెస్‌లో ఇడ్లీలు వడ్డిస్తున్న మాల్యాద్రి గరిటె పెంచలమ్మ చేతిలో పెట్టాడు. గోడకి తగిలించిన చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బజారు వైపు వెళ్లాడు. చాలాసేపటికి వచ్చాడు. అతని వెనక చక్రాలు గడగడలాడించుకుంటూ నీలం రంగు సూట్‌కేసు ఒకటి వచ్చింది, పిడికి ఇంకా ధర రాసిన అట్టముక్క వేలాడుతోంది. దాన్ని తెచ్చి రోలు పక్కన నిలబెట్టాడు. వినీల దాన్నీ, తండ్రినీ మార్చి మార్చి చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. ముక్కు ఎగబీల్చి, గాలిని జాగ్రత్తగా వాసన చూశాడు.

"యాలకులు రవంత తక్కువైనట్టుండాయే అమ్మా," అన్నాడు.

కామాక్షమ్మ కూడా ఒకసారి పీల్చి చూసింది. నిజమే, తక్కువే.

"దానికేముంది," అంది. "రేపు ఇంకో రెండు ఎక్కువ వేద్దాం."